గుండు, బద్ద, నూక

నేను చుక్కలివ్వను.
చుక్కలు ఆకాశంలో ఉంటాయి, వాటినెవరు లెక్కెట్టారు.
బాగుంటే గుండు, ఫరవాలేదంటే బద్ద,
రాత్రి నిద్ర దండగైతే నూక.
కాశీబుగ్గ జీడి ఫ్యాక్టరీలో మూడో బల్ల దగ్గర
పప్పుకైనా సినిమాకైనా ఇదే లెక్క.

పద్దెనిమిది మందిమి. ఫోనులో నెట్టున్నది నాకొక్కదానికే,
అదీ మనవడు వేయించిన పేకేజీ.
రాత్రి నేను చూస్తాను, పొద్దున్న వాళ్లు వింటారు,
పొట్టు ఊడుతుంటాది.

మొన్నటిది ఎగిరేవాడి కథ.
తెలుగులోనే మాట్లాడించారు గాని
పెదాలు వేరే ఊర్లో ఉన్నాయి.
పైనుంచి ఎవరో దిగుతారు, బూడిదరంగు వాళ్లు,
మీ సముద్రం పట్టుకుపోతామంటారు.
వీడు మేడ పీకి వాళ్లమీద విసురుతాడు,
వాళ్లు వంతెన పీకి వీడిమీద విసురుతారు.
గంటన్నర.
ఆఖర్న వీడు గాల్లో నిలబడి నవ్వుతాడు, పాటొస్తాది.
నేను కిందే చూస్తున్నాను.
ఆ మేడల్లో గ్యాసుబండలున్నాయి, బియ్యం డబ్బాలున్నాయి,
ఎవర్తో ఉతికి ఆరేసిన చీరుంది.
తుఫానెళ్లిన తెల్లారి
కొబ్బరిచెట్టు కింద నలిగిన వంటిల్లు చూసుకొని
మా ఊర్మిళ పదకొండు రోజులు బడిలో పడుకుంది,
నీళ్ల ట్యాంకరెనక బిందెట్టుకొని పరిగెత్తింది.
ఆ సినిమాలో ట్యాంకరు రాలేదు.
పేర్లు రాసుకోడానికి వీఆర్వో కూడా రాలేదు.
ఎగరడం మాత్రం బాగా ఎగిరాడు. బద్ద.

రెండోది సీరీసు, ఎనిమిది ముక్కలు.
సగం మనిషి, సగం మిషను.
చేతిలోంచి వైర్లు, పక్కలోంచి గొట్టాలు,
కంట్లో ఎర్ర దీపం.
నేనసలు మనిషినేనా అని వాన్లో నిలబడి ఏడుస్తాడు
ప్రతి ముక్కలోనూ, అదే వాన.
ఇది చెప్తుంటే తవిటమ్మ చెయ్యి ఆగింది.
వాళ్లాయన ఢిల్లేసు, సోమవారం గురువారం
పలాస ఆస్పత్రిలో నాలుగేసి గంటలు సగం మిషనే.
రక్తం బయటికెళ్లి తిరిగొస్తాది.
"వాన్లో ఏడవడం నానెప్పుడూ చూళ్లేదు," అంది.
"దిగగానే ఆకలంటాడు. ఇడ్లీ కొంటాను.
నీళ్లే, గుక్కలు లెక్కెట్టి ఇవ్వాల."
అందరం కాసేపు పప్పు చూసుకున్నాం.
నూక, అన్నాను. ఎవరూ కాదన్లేదు.

మాయమైపోయే మనిషి సినిమా ఒకటుంది,
దానికి మాటలొద్దు.
మా మేస్త్రీ లోకనాథం శనివారం సాయంత్రం
ఖర్చు లేకుండా చూపిస్తాడు.

ఇహ గుండు దేనికిచ్చానంటే,
పేరు మర్చిపోయాను, పొడుగు పేరు, అదీ సీరీసే.
అందులో ఆవిడకి వేలిముద్రలుండవు.
ఏదో మందు ఒలికి చెరిగిపోయాయి.
పోలీసులకి దొరకదు, కంప్యూటర్లు బిక్కమొహం వేస్తాయి,
ఏ తలుపైనా తీస్తాది, ఏ గదిలోనైనా దూరుతాది.
బల్లంతా చేతులు చూసుకుంది.
జీడిసొన తిన్న వేళ్లు,
ఆముదం రాసినా బూడిద రాసినా నల్లగా, నున్నగా.
నూట ఎనభై వేళ్లు, ఒక్క గీత లేదు.
"ఓలమ్మ, మనమే!" అంది కొత్తగా చేరిన గౌరీశ్వరి.
మనమే గాని, మనకి ఏ తలుపు తెరుచుకుందే?
డిపో మిషను నువ్వు నువ్వు కాదంటాది.
మళ్లీ పెట్టు, తుడిచి పెట్టు, ఎడంచెయ్యి పెట్టు,
సరే, కన్ను పెట్టు.
మొన్న బియ్యం కంటితోనే తెచ్చుకున్నాను.
ఆ తీసినోళ్లకి మన సంగతి ఎవరు చెప్పారో,
సగమే చెప్పారు.

ఆఖరి ముక్క నిన్న రాత్రి చూస్తుంటే డేటా అయిపోయింది.
అప్పటికి ఆవిడ శక్తులన్నీ పోయాయి,
వేళ్లకి మళ్లీ గీతలు మొలిచాయి.
హడావిడి లేదు, వెనక సంగీతం లేదు.
రైల్వే స్టేషను బయట అరుగుమీద కూర్చుంది
చేతులు ఒళ్లో పెట్టుకొని, ఏ పనీ రాక.
అక్కడే ఆగింది, గుండ్రంగా తిరుగుతా.

"తర్వాతేటి?" అన్నారు.
తెలీదన్నాను.
"రమ్మను," అంది తవిటమ్మ తలెత్తకుండా,
"పొట్టు తియ్యడం రెండ్రోజుల్లో వచ్చేస్తాది."
"కేజీకెంతో ముందు చెప్పండే దానికి,"
అంది వెనక బల్ల నుంచి ఎవర్తో.